మేము అన్నవాళ్ళు మధ్యలోకి రావాలి

ఫ్యాన్ల కంపెనీలో పని చేసేవాడి ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది సామెత కాదు, మా హాలు. రెగ్యులేటరు ఒకటి మీద పెట్టినా ఐదు మీద పెట్టినా అది ఒకటే వేగంతో, సెలవులైపోయాక బడికి వెళ్ళే పిల్లాడిలా కదులుతుంది. తనిఖీలో తప్పిన సరుకుని మా కంపెనీ పారెయ్యదు, ఉద్యోగులకి బహుమతిగా ఇస్తుంది. మా ఇంట్లో అలాంటి గౌరవాలు మూడున్నాయి. మా అమ్మ వాటి కింద కూర్చుని పేపరుతో విసురుకుంటుంది. చుట్టాలెవరైనా వస్తే, "మావాడు ఫ్యాన్ల కంపెనీలోనే" అని గర్వంగా చెప్పి, వాళ్ళ చేతికీ ఒక పేపరిస్తుంది.

ఈ ఎండాకాలం మాకు పేపర్లు చాల్లేదు.

నేను స్టోర్సు గుమాస్తాని. మరలు, రెక్కలు, రాగి తీగ వచ్చినప్పుడు రాసుకుంటాను, పోయినప్పుడు రాసుకుంటాను. మా ఆవిడ అదే కంపెనీలో వైండింగ్ విభాగం చూసేది. అంటే ఫ్యాను లోపల మోటారుకి రాగి తీగ చుట్టడం. తన కింద పదకొండు మంది ఆడవాళ్ళు. వాళ్ళందరూ ఆవిణ్ణి అక్కా అనేవాళ్ళు కాబట్టి, నేను అడక్కుండానే పదకొండు మందికి బావగారినయ్యాను.

పాత మేనేజరు నాయకత్వం సులభంగా అర్థమయ్యేది. అరిచేవాడు, పెన్ను విసిరేవాడు. పెన్ను ఎక్కువగా కుడివైపుకి పోయేది కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళం ఎడమవైపు నిలబడేవాళ్ళం. ఆయన హయాంలో సంస్థలో వచ్చిన ఒకే ఒక్క మార్పు, ఏటా పెన్నులు మారడం.

ఎండలు ముదిరే వేళకి కొత్తాయన వచ్చాడు. వచ్చిన రోజే స్క్రూడ్రైవరు తీసుకుని తన గది తలుపు తనే ఊడదీశాడు.

"నాకూ మీకూ మధ్య... కాదు, మనకీ మనకీ మధ్య తలుపెందుకు?" అన్నాడు.

మాట బాగుంది. తలుపుని ఎక్కడ పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు. కంపెనీలో పనికిరానివన్నీ చివరికి స్టోర్సుకే చేరతాయి కాబట్టి అది నా కుర్చీ వెనక్కొచ్చింది.

మర్నాటి నుంచి పొద్దున్నే తొమ్మిదింటికి అందరం షెడ్డులో గుండ్రంగా నిలబడాలన్నాడు. సారూ, గుమాస్తా, ప్యాకింగూ, వైండింగూ, అందరూ ఒకే వరస. ఒకటే నియమం.

"ఈ ఆవరణలో 'మేము' అనే మాట లేదు. 'మనం' మాత్రమే ఉంది. మేము అన్నవాళ్ళు మధ్యలోకి రావాలి. వచ్చి, పక్కవాళ్ళలో ఉన్న ఒక మంచి గుణం చెప్పాలి."

మొదటి రోజే ప్యాకింగు మేస్త్రి దొరికిపోయాడు. "మేం నిన్ననే లోడు పంపేశాం సార్" అన్నాడు. మధ్యలోకొచ్చి నిలబడి, పక్కనున్న వైండింగు మనిషిని ఎగాదిగా చూశాడు. ఆవిణ్ణి మేమంతా రేడియో అంటాం. ఒకసారి మొదలైతే కరెంటు పోయినా ఆగదు.

"ఈవిడ..." అని చాలాసేపు వెతుక్కుని, "రోజూ వస్తుంది సార్" అన్నాడు.

"నీలో ఆ గుణం కూడా లేదు కదయ్యా!" అంది రేడియో. షెడ్డు షెడ్డంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. మేనేజరు పళ్ళు మేం చూడటం అదే మొదలు.

వారం తిరిగేసరికి అందరి భాషా మారిపోయింది. కాకపోతే మేస్త్రి కాస్త ఎక్కువ మారాడు. ఒకరోజు వలయంలో చెయ్యెత్తి, "మన ఆవిడకి ఒంట్లో బాగోలేదు సార్, ఒక పూట సెలవు కావాలి" అన్నాడు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుటుంబ సభ్యుల విషయంలో మినహాయింపు ఇచ్చాడు.

ఆయనకి 'మనం సారు' అని పేరు పెట్టేశాం. వెటకారంగానే పెట్టాం. కానీ రెండో వారంలో మా ఆవిడ నోరు తెరిచింది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో మీటింగులో తను మాట్లాడటం నేను వినలేదు. ఇంట్లో విన్నాను, అది వేరు.

"సార్, వైండింగ్ గది కిటికీకి తొమ్మిదేళ్ళ కిందట మేకులు కొట్టేశారు. తీగ మీద దుమ్ము పడుతుందని. సన్నటి వల కడితే దుమ్ము పడదు. లోపల ఉడికిపోతున్నాం."

"ఎవరు?"

"మే... మనం."

"మనం ఉడికిపోతున్నామా? అయితే పదండి."

సుత్తి కోసం నా దగ్గరికొచ్చాడు. రిజిస్టరులో సంతకం పెట్టమన్నాను, పెట్టాడు. వెళ్ళి తొమ్మిది మేకులూ తన చేత్తో పీకాడు. బొటనవేలు చీరుకుపోయి రక్తం కారుతుంటే రుమాలు చుట్టుకున్నాడు గానీ సుత్తి ఇంకొకరికివ్వలేదు. కిటికీ తెరుచుకుంది. వచ్చిన గాలి పెద్ద గాలేం కాదు, వేడిగానే ఉంది. అయినా ఆ పన్నెండు మందీ ఒక్క నిమిషం పని మానేసి దానికి ఎదురుగా మొహాలు పెట్టి నిలబడ్డారు.

ఆ సాయంత్రం స్కూటరు వెనక కూర్చుని మా ఆవిడ దారంతా మాట్లాడింది.

"పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఒక మనిషి 'నువ్వేమంటావ్?' అని అడిగాడండీ."

"నేను రోజూ అడుగుతూనే ఉన్నాగా, కూరేం చేశావని."

"అదీ ఇదీ ఒకటేనా?"

రెండిటికీ నాకు తేడా కనిపించలేదు. ఆ మాట పైకి అనలేదు, అంత మాత్రం తెలివి ఉంది.

మూడో వారంలో సారు నన్ను పిలిచాడు. మార్పు పైనుంచి రాకూడదట, పక్కనుంచి రావాలట. అందుకని విభాగానికొక 'మార్పు మిత్రుడు' కావాలట. నన్నెందుకు ఎంచుకున్నాడో అప్పుడు ఆలోచించలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ దేనికీ ఎంచుకోలేదు మరి. ఆకుపచ్చ బ్యాడ్జి ఇచ్చాడు. కూరగాయలకి వెళ్ళినా అది పెట్టుకునే వెళ్ళాను. కూరగాయలామె దాన్ని చూసి, ఏదైనా ఆరోగ్య శాఖేమోనని పుచ్చువంకాయలు పక్కకి తీసేసింది. నాయకత్వంలో ఇంత శక్తి ఉందా అనుకున్నాను.

మనిషిని మార్చాలంటే ముందు కళ్ళలోకి సూటిగా చూడాలని మార్పు మిత్రులకి నేర్పారు. ఇంట్లో అమ్మ మీద సాధన చేశాను.

"ఏంట్రా, కళ్ళకలకా?" అంది అమ్మ.

నా మొదటి బాధ్యత మా ఆవిడ చేసే పనంతా కాగితం మీద పెట్టించడం. "ఆవిడ చేతిలో ఉన్నది మనందరి ఆస్తి. ఆస్తిని ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కదా" అన్నాడు సారు. పదకొండు పేజీల ఫారం. ప్రతి పనికీ ఒక వరస, ప్రతి వరసకీ గడులు. గడి ఏదీ ఖాళీగా ఉండకూడదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ చెబుతుంటే నేను రాశాను. తీగ ఎటునుంచి పట్టాలి, మొదటి చుట్టు ఎక్కడ మొదలవ్వాలి, కాగితపు అట్ట ఎప్పుడు దూర్చాలి. పద్నాలుగేళ్ళుగా తను ఏం చేస్తోందో నాకు ఆ రోజే తెలిసింది. ఏడో పేజీలో ఆవిడ ఆగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో లేని తీగని పట్టుకుంది.

"ఇక్కడ తీగని బిగించాలి."

"ఎంత?"

"సరిపడా."

"సరిపడా అంటే?"

"తీగే వేలికి చెబుతుందండీ. మరీ లాగితే ఏడుస్తుంది. వదిలేస్తే బద్ధకిస్తుంది. రెంటికీ మధ్య."

"గడిలో 'అంకెల్లో రాయాలి' అనుంది."

"అంకె లేదు. ఖాళీగా వదిలేయండి." బట్టలు తీసుకురావడానికి డాబా మీదకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఇంతకీ ఇదంతా రాయించుకుని ఏం చేస్తారట?"

"రేపు నువ్వు సెలవు పెట్టినా పని ఆగకూడదు కదా."

"నేనెప్పుడు సెలవు పెట్టాను?"

నేను కళ్ళలోకి సూటిగా చూశాను. "నన్ను నమ్ము" అన్నాను. ఆవిడ పైకెళ్ళింది.

ఖాళీ గడి నన్నే చూస్తోంది. పెన్ను విసిరే రోజులైతే నిర్భయంగా వదిలేసేవాణ్ణి. ప్రేమగా అడిగిన మనిషికి ఖాళీ గడి ఇవ్వబుద్ధి కాలేదు. తలెత్తితే గోడ గడియారంలో నాలుగైంది. నాలుగు అని రాశాను. నాలుగు ఏమిటో నాకూ తెలీదు, తర్వాత ఎవరూ అడగలేదు కూడా. ఆవిడ బట్టలు మడతపెట్టాక, చదవకుండానే చివరి పేజీలో సంతకం పెట్టింది. సంతకం చేసి ఎంత కాలమైందో, తన పేరు మీద తనే కాసేపు ముచ్చటపడింది.

పది రోజులకి లారీలో ఒక మిషను దిగింది. నీలం ప్లాస్టిక్ కప్పుకుని వరండాలో కూర్చుంది. సారు వలయంలో, "భయపడకండి, ఇది మనకి తోడు" అన్నాడు.

"తోడు కాదు సార్, తోడికోడలు. పెత్తనం ఎప్పుడు మొదలెడుతుందో చూడాలి" అంది రేడియో. అందరం నవ్వాం. మా ఆవిడ ఆ మిషను చుట్టూ ఒకసారి తిరిగి, దాని పక్కనున్న చిన్న చక్రాన్ని చూసింది. ఒకటి నుంచి పది దాకా అంకెలున్నాయి దాని మీద. బొటనవేలూ చూపుడువేలూ ఒకసారి రుద్దుకుని పనిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి శనివారం సారు వలయంలోకి కాగితం పట్టుకుని వచ్చాడు. అంతకు ముందెప్పుడూ కాగితం చూసి మాట్లాడలేదు.

"ఈ నిర్ణయం తేలిగ్గా తీసుకున్నది కాదు. మేము చాలా ఆలోచించాం."

ఎక్కడో పిచ్చుక అరిచింది. రేడియో చెయ్యెత్తింది.

"సార్, మేము అన్నారు. మధ్యలోకి రండి."

ప్యాకింగులో ఇద్దరు నవ్వబోయారు. సారు ఆవిడ వైపు చూడలేదు. కాగితం మీద వేలు పెట్టి, ఆగిన చోటు వెతుక్కున్నాడు.

"మేము... వైండింగ్ విభాగాన్ని ఈ నెలాఖరుతో..."

మధ్యలోకి రాలేదు.

చదవడం అయ్యాక ఆయన వెళ్ళిపోయాడు. మేం అలాగే గుండ్రంగా నిలబడిపోయాం. వలయాన్ని ఎలా కట్టాలో నేర్పారు గానీ ఎలా విప్పాలో నేర్పలేదు. పదకొండు మందీ మా ఆవిడ వైపు చూస్తున్నారు. మా ఆవిడ నా వైపు చూస్తోంది. సూటిగా కళ్ళలోకి చూడటం ఆవిడకి ఎవరూ నేర్పలేదు, అయినా బాగా వచ్చింది.

నెలాఖరుకి పన్నెండు మందీ ఇంటికెళ్ళారు. మా ఆవిడ ఏడవలేదు, అరవలేదు, గిన్నెలు కూడా మామూలుగానే పెట్టింది. మారింది ఒక్క మాటే.

"మేం తిన్నాం. మీకు గిన్నెలో ఉంది."

మర్నాడు అమ్మ, "మేం బజారుకెళ్తున్నాం, తాళం నీ దగ్గరుంచుకో" అంది. మేం అంటే అమ్మా, మా ఆవిడా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉప్పూ నిప్పూలా ఉన్న అత్తాకోడళ్ళు. కంపెనీలో ఏమైనా, ఇంట్లో మాత్రం నేను మార్పు తెచ్చాను. పదకొండు మంది మరదళ్ళు కూడా వీధిలో ఎదురైతే బావగారూ అనడం మానేసి, "నమస్తే సార్" అనేవాళ్ళు. ఆ మాట వింటే పాత మేనేజరు పెన్నే నయమనిపించేది.

ఆవిడ ఇంకో రెండు వర్క్‌షాపుల్లో పని కోసం అడిగింది. చెయ్యి చూశారు, మెచ్చుకున్నారు, అనుభవ ధ్రువపత్రం తెమ్మన్నారు. అది ఇవ్వాల్సింది మనం సారు. ఫారంలో రాసినవన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని తేలాక ఇస్తానన్నాడు.

అయిదు వారాలయ్యాయి. తోడికోడలు రెండు వేల మోటార్లు చుట్టింది. ఆ ఫ్యాన్లు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. బిగించిన ఇరవై రోజులకి పొగ. పనికిరానివి కాబట్టి స్టోర్సుకే వచ్చాయి. తీగ మరీ లాగి చుట్టడంతో పైనున్న పూత చిట్లిపోయి లోపల కాలిపోయిందట. ఏడుస్తుంది అని ఆవిడ చెప్పింది. ఏడుపు కూడా కాదు, వాసన.

శుక్రవారం సారు పిలిచాడు. గదికి తలుపు మళ్ళీ బిగించారు, కాబట్టి తట్టి లోపలికెళ్ళాను. ఏడో పేజీ బల్ల మీద ఉంది.

"బిగువు నాలుగు. ఈ నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఫారంలో ఉంది కదా సార్."

"ఫారంలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? మీ ఆవిడ కావాలని తప్పు చెప్పిందా?"

"ఛ ఛ, లేదు సార్."

"పొరపాటున చెప్పిందా?"

నోరు తెరిచాను. మళ్ళీ మూసుకుని, ఏడో పేజీని బల్ల అంచుకి సమంగా జరిపాను.

"ఆలోచించుకుని సోమవారం పదింటికి రాసివ్వండి. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు. ఆవిడ ధ్రువపత్రం సంగతి దాన్ని బట్టి ఉంటుంది." గొంతు కాస్త తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. "నా మీదా పైవాళ్ళున్నారు. మనం... నేనూ వాళ్ళకి ఏదో ఒక పేరు చెప్పాలి కదా. ఎలాగూ మిషనువాళ్ళ ఇంజనీరు మంగళవారం వస్తున్నాడు. బిగువు చక్రం సరిచెయ్యడం అరగంట పనట."

అరగంట. ఆవిడకి పద్నాలుగేళ్ళు పట్టింది.

ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడున్నాయి. ప్యాకింగు మేస్త్రి నాకంటే ముందే ఆ 'నాలుగు' వార్త మోసినట్టున్నాడు. హాల్లో పదకొండు మంది, అందరి చేతుల్లో పేపర్లు.

"రండి బావగారూ!" అంది రేడియో. అందరూ లేచారు. మా అమ్మ కూడా లేచింది, మోకాళ్ళ నొప్పితో. నాకు కుర్చీ వేశారు. వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా వచ్చారేమోనని.

"అక్క చెప్పింది బావగారూ. తను అసలు అంకే చెప్పలేదట! మరి నాలుగు ఎక్కణ్ణుంచొచ్చింది? మీ బుర్రలోంచి! ఆ పెద్దమనిషి ఎందుకు రాయించుకుంటున్నాడో మీరు అప్పుడే కనిపెట్టేశారు. బ్యాడ్జి పెట్టుకుని, నవ్వుతూ నవ్వుతూ, గోతిలో దింపారు!"

"అది కాదమ్మా..."

"ఎంత అణకువో చూడండే!"

"మెతకవాడనుకున్నాన్రా" అంది అమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "లోపల ఇంత విషం ఉందని కన్నదాన్ని నాకే తెలీదు."

వాళ్ళు మాటల్లో పడ్డాక మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. టీ గ్లాసు చేతికిచ్చి, నా చొక్కాకి ఇంకా ఉన్న బ్యాడ్జిని ఊడదీసి గూట్లో పెట్టింది.

"మిమ్మల్ని ఏమేమో అనుకున్నానండీ ఇన్నాళ్ళూ."

"ఏమనుకున్నావ్?"

"వద్దులెండి, బాగోవు." కాస్త నవ్వింది. "ఒక్క ముక్క నాకు చెప్పి ఉంటే ఏం పోయేది? సరే, ఉద్యోగం పోతే పోనీండి. మనం చూసుకుందాం."

ఆ మాట విని అయిదు వారాలైంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. టీ చల్లారుతోంది, తాగేశాను.

హాల్లో వాళ్ళ పథకం తయారైపోయింది. మిషను పనికిరాదని తేలిపోయింది కాబట్టి సోమవారం పొద్దున తొమ్మిదింటికి పన్నెండు మందీ వెళ్ళి గేటు ముందు గుండ్రంగా నిలబడతారట. వెనక్కి పిలిచేదాకా కదలరట. ఇస్త్రీ చీరలు కట్టుకోవాలని కూడా అనేసుకున్నారు. మంగళవారం ఇంజనీరు వస్తున్న సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. చదువుకున్నవాళ్ళు, నలుగురినీ చూసినవాళ్ళు. అంకె ఆవిడే చెప్పిందని రాస్తే ధ్రువపత్రం రాదు, ఆవిడకి ఇంకెక్కడా పని దొరకదు. నేనే కావాలని రాశానని రాస్తే నా ఉద్యోగం పోతుంది, ఇంట్లో మిగిలింది అదొక్కటే. కాకపోతే రేడియో నాకు దండ వేస్తుంది. నిజం రాస్తే, అంటే టైము నాలుగైంది కాబట్టి నాలుగు రాశానని రాస్తే, ఉద్యోగమూ పోతుంది, ఆవిడా... సరే, అది మీకు నేను విప్పి చెప్పక్కర్లేదు. ఇంజనీరు సంగతి వాళ్ళకి ఇవాళ చెబితే చీరలు ఇస్త్రీ చేసుకునే శ్రమ తప్పుతుంది. కానీ చెబితే, నీకెలా తెలుసు, సారుతో ఇంకేం మాట్లాడావ్ అంటారు. నాలుగో దారేదైనా ఉందా? మీలో ఎవరైనా ఇలాంటిదాంట్లో ఇరుక్కుని బయటపడ్డారా? పడకపోయినా ఫరవాలేదు, ఏం తోస్తే అది చెప్పండి.

ఇవాళ ఆదివారం. సారుకి సంజాయిషీ రాసివ్వాలని ఆవిడకి చెప్పాను, కాగితం నా ముందే ఉంది. ఆవిడ ఇప్పటికి రెండుసార్లు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "ఎంతవరకొచ్చింది?" అని అడిగింది.

"తేదీ వేశాను" అన్నాను.

తేదీ కింద ఏం రాయాలో చెప్పండి, దయచేసి. మళ్ళీ వస్తోంది.